పోలీసు రేడియో - ప్రజల చెవి
(పఠన మందిరమున చేసిన యుపన్యాస పాఠము)



ఈ పఠన మందిర కార్యదర్శిగారు మమ్ము ప్రసంగింపుమని కోరుచు విషయమును మా యిష్టమునకే విడిచిరి. వకీలును పిలిచి విషయము నతని యిష్టమునకు విడుచుట సాహసకృత్యము. ఆ సాహసముయొక్క ఫలమును సభవా రనుభవింపక తప్పదు. నేటి సాయంకాలము మేము చెప్పబూనినది అమెరికా సంయుక్త రాష్ట్రములలో పోలీసువారు రేడియోలో తమలో తాము మాటలాడుకొను మాటలను గూర్చియు, ఆ మాటలను తమ యిండ్లలో గూర్చుండి వినెడి సామాన్య పౌరులను గూర్చియు, ఆ వినికిడిపై గత కొన్ని సంవత్సరములుగా పడుచున్న తాళములను గూర్చియును.

ఇది మనకేల యని కొందఱకు తోచవచ్చును. మన పట్టణములలో అమెరికాకు బిడ్డలను పంపని వీథి అరుదు. ఆ బిడ్డలు కాపురముండు నూళ్ళలో పోలీసువా రెట్లు నడచుకొందురో తెలిసికొనుట ఇచ్చటి తల్లిదండ్రులకు పరాయి విషయము కాదు. అంతకంటె ముఖ్యమైన కారణ మొకటి గలదు. పోలీసు శాఖ ప్రజలను చూచుటకు కొత్త కన్నులను సంపాదించుకొనుచున్న కాలమిది. 2022 ఆగష్టులో హైదరాబాదు బంజారాహిల్సునందు ప్రారంభింపబడిన కమాండు కంట్రోలు కేంద్రమున గూర్చున్నవారికి నగరపు వీథులు తెరలపై గానవచ్చును. పోలీసువారు ప్రజలను చూచుట యింతగా పెరిగిన దినములలో, ప్రజలు పోలీసువారిని వినుట యను నలవాటు ఎక్కడనైన నుండెనా, ఉన్నచో దాని గతి యేమాయెనను ప్రశ్న అప్రస్తుతము కాజాలదు. అట్టి యలవాటు తొంబది యేండ్లపాటు నడచిన దేశము అమెరికా.

1928వ సంవత్సరమున డెట్రాయిటు నగర పోలీసువారు గస్తీ కార్లకు రేడియో ద్వారా వార్తలు పంపు పద్ధతిని నెలకొల్పిరి. అప్పటికి కారులో నున్న జవానుకు వినుటయే గాని బదులు చెప్పుటకు వీలు లేదు. బదులు చెప్పవలెనన్న బండి దిగి టెలిఫోను కడకు పోవలసినదే. ఆ నిలయమునకు తొలుత వినోద ప్రసారముల క్రింద లైసెన్సు దొరకినందున పోలీసు వార్తలకు నడుమ నడుమ సంగీతమును గూడ వేయవలసి వచ్చెడిదట. 1933లో న్యూజెర్సీ రాష్ట్రమందలి బెయోను పట్టణమున, రెండు వైపుల మాటలాడుటకు వీలైన రేడియో పోలీసు కార్లలో నమరెను. ఈ ప్రసారములు సాధారణ రేడియో నిలయముల తరంగములకు ప్రక్కనే యుండినందున, ఆ దశాబ్దమున అమ్ముడైన ఇంటి రేడియోలు పెక్కింటి ముఖఫలకముపై 'పోలీసు' అను గుర్తే అచ్చువేయబడి యుండెను. గృహస్థుడు సంగీతముతో విసిగినచో ముల్లును కొంచెము త్రిప్పి తన పేట పోలీసుల మాటలు వినెడివాడు. ఇందు దొంగచాటు లేదు. రేడియో చేసిన కంపెనీయే చోటు చూపినది.

పత్రికలవారి కిది వరమయ్యెను. వీజీ యను మాఱుపేరుతో ప్రసిద్ధి కెక్కిన న్యూయార్కు ఫొటోగ్రాఫరు ఆర్థరు ఫెల్లిగు 1938లో తన కారునందు పోలీసు రేడియో నుంచుకొనుటకు అనుమతి సంపాదించి, రాత్రులందు అగ్నిప్రమాదములు, హత్యలు జరిగిన చోట్లకు త్వరగా చేరి తీసిన చిత్రములు నేడు చిత్రశాలలలో వ్రేలాడుచున్నవి. కారులో నుంచుకొనుటకు అనుమతి యేల యనగా, ఇంట వినుట వేఱు, బండిలో వినుచు తిరుగుట వేఱు అని కొన్ని రాష్ట్రములవారు తలంచిరి. న్యూయార్కు, ఫ్లోరిడా, ఇండియానా మొదలగు రాష్ట్రములలో వాహనమందు అట్టి యంత్రమును పెట్టుకొనుటపై నేటికిని నిర్బంధములు గలవు.

ఇక చట్టము. ఇది మా వృత్తి గనుక ఇచ్చట కొంచెము నిలిచెదము. 1934లో అమెరికా కాంగ్రెసు చేసిన సమాచార చట్టము ఒకరి రేడియో సందేశమును వేఱొకరు అనుమతి లేక పట్టి బయటపెట్టుటను నిషేధించెను. 1986లో వచ్చిన వేఱొక చట్టము దానికి మార్గాంతరము చూపి, ప్రభుత్వ శాఖలు, పోలీసువారు, ప్రజారక్షణ శాఖలవారు చేయు ప్రసారములు సామాన్య ప్రజలకు సులభముగా నందునవియైనచో వానిని వినుట నేరము కాదని చెప్పెను. శ్రోతలు దీనిని తమ హక్కుపత్రముగా భావించిరి. కాని అదే చట్టమునందలి నిర్వచనములను తిరుగవేసి చూచినచో, గూఢీకరింపబడిన ప్రసారము 'సులభముగా నందునది' కాదని స్పష్టముగా వ్రాయబడియున్నది. అనగా పౌరునికి చట్ట మిచ్చినది వినెడి హక్కు కాదు. విన్నందులకు శిక్ష లేకుండుట మాత్రమే. తలుపు తెఱచియున్నంతవఱకు లోనికి చూచుట తప్పు కాదని చెప్పినదే గాని, తలుపు తెఱచియుంచవలెనని యెవ్వరిని ఆజ్ఞాపింపలేదు. పోలీసుశాఖ యే దినమున తాళము వేసిన నా దినముననే పౌరుని యనుభవము ముగియును. దానికి శాసనసభ తీర్మాన మక్కఱలేదు, ప్రజావిచారణ యక్కఱలేదు. కొత్త రేడియోలకు వ్రాసిన కొనుగోలు పత్రము చాలును. ఈ యుపన్యాసమున మాకు ముఖ్యమైన సంగతి యిదియే.

టాక్‌గ్రూపు అను మాట సభవారిలో కొందఱికి కొత్త గావచ్చును. దానిని మాకు పరిచితమైన కోర్టు భాషలో చెప్పెదము. పూర్వము ఒక్కొక్క పోలీసు విభాగమునకు ఒక్కొక్క తరంగము ప్రత్యేకింపబడి యుండెను. ఇది ఒక్కొక్క వకీలునకు ఒక్కొక్క కోర్టు హాలును శాశ్వతముగా వ్రాసియిచ్చినట్టిది. ఆయనకు కేసు లేనినాడు హాలు ఖాళీగా నుండును, కేసులున్న మఱియొక వకీలు వరండాలో నిలువబడును. నగరములు పెరిగి తరంగములకు కఱవు వచ్చినప్పుడు ట్రంకింగు అను నేర్పాటు పుట్టెను. ఇందు హాళ్ళన్నియు నుమ్మడి సొత్తు. కేసులకే నంబర్లు. వాకిట నిలిచిన బంట్రోతు 'ఫలాని నంబరు కేసు, మూడవ హాలు' అని కేకవేయును. ఆ కేసునకు సంబంధించినవారు మాత్రమే మూడవ హాలునకు బోవుదురు. మాట ముగియగానే ఆ హాలు వేఱొక నంబరున కీయబడును. ఇందు కేసు నంబరు వంటిది టాక్‌గ్రూపు. హాలు వంటిది తరంగము. బంట్రోతు వంటిది కంట్రోలు చానలు. ఉత్తరపు పేట గస్తీవారి దొక టాక్‌గ్రూపు, దక్షిణపు పేటవారిది వేఱొకటి, మత్తుమందుల విభాగమువారిది ఇంకొకటి. అమెరికాలో ప్రజారక్షణ శాఖలకై 1989లో మొదలిడిన ప్రాజెక్టు 25 అను పద్ధతిలో ఇట్టి నంబర్లు 65,535 వఱకు నుండవచ్చును; బంట్రోతు సెకనుకు 9600 బిట్ల వేగమున ఎడతెగక కేకవేయుచునే యుండును.

వినెడివారి పని యీ బంట్రోతు నానుకొని యుండును. వారి యంత్రము కంట్రోలు చానలును పట్టుకొని, తాము కోరిన నంబరు పిలువబడగానే ఆ హాలునకు పరుగిడును. ఏ నంబ రెవ్వరిదో పోలీసువారు చాటింపు వేయరు. శ్రోతలే దినములతరబడి విని, ఈ నంబరున వీథుల పేర్లు వచ్చుచున్నవి గనుక గస్తీవారిదని, ఆ నంబరున ఆసుపత్రుల పేర్లు వచ్చుచున్నవి గనుక అంబులెన్సులదని ఓపికతో పట్టికలు కట్టుకొందురు. మన పురావస్తు పరిశోధకులు శాసనములలో గ్రామనామములను గుర్తించుట వంటి యోపిక యిది. దీనికి పూర్వము ఖరీదైన స్కానరు యంత్రములు కావలసియుండెను. 2012లో, టెలివిజను చూచుటకై చేసిన వ్రేలెడంత పరికరమును కంప్యూటరునకు తగిలించినచో అది విశాలమైన తరంగశ్రేణిని పట్టగలదని తెలియవచ్చినది మొదలు, ఇరువది ముప్పది డాలర్లతో ఎవరైనను శ్రోతలు కాగలుగుచున్నారు. కొందఱు తాము విన్నదానిని ఇంటర్నెట్టు ద్వారా ఇతరులకును వినిపించుచున్నారు.

వీ రందఱును పనిలేనివారని తలంపరాదు. పదవి విరమించిన అగ్నిమాపక ఉద్యోగులు, రేడియో శాస్త్రమునం దభిరుచిగల విద్యార్థులు, రాత్రి వార్తలు వ్రాయు విలేఖరులు, కార్చిచ్చు భయముగల కొండ యూళ్ళ నివాసులు వీరిలో గలరు. మంట యే దిక్కునకు దిరిగినదో ప్రభుత్వపు ప్రకటన వెలువడుటకు ముందే రేడియోలో విని బండి సిద్ధపఱచుకొనువానికి ఇది వినోదము కాదు. పోలీసువారి విషయమున వీరి ప్రయోజనము వేఱు విధము. నడివీథిలో కాల్పులు జరిగినప్పుడు మఱునాటి యధికార ప్రకటన యొకటి వచ్చును. ఆ రాత్రి రేడియోలో పలికిన మాటలను మఱియొకరు విని యున్నచో ఆ ప్రకటన వ్రాయువాని కలము కొంచెము జాగ్రత్తగా నడచును. న్యాయస్థానమున సాక్షి బోనెక్కినప్పుడు ప్రేక్షకుల బల్లలు నిండియుండుటకును ఖాళీగా నుండుటకును గల భేదము మేము ప్రతిదినమును చూచునదే.

ఇప్పుడు తాళముల కథకు వత్తము. 2019లో కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వరు పోలీసువారు తమ సంభాషణల నన్నిటిని గూఢీకరించిరి. రెండేండ్లకు, 2021లో, ఆ రాష్ట్ర శాసనసభ, అట్లు పూర్తిగా తాళము వేసికొనిన శాఖలు పత్రికలవారికి వినుటకు వీలు కల్పించు నియమములను ఏర్పఱచుకొనవలెనని విధించెను. షికాగోవారు 2022లో తాళములు వేయుచు, ప్రజలకు ముప్పది నిమిషములు ఆలస్యముగా వినిపించు పద్ధతిని పెట్టిరి. న్యూయార్కు పోలీసువారు 1932 నుండి రేడియో వాడుచున్నారు. 2023 జూలైలో బ్రూక్లినులోని కొన్ని ఠాణాలతో మొదలిడి గూఢీకరణమును సాగించిరి. కొత్త రేడియో పద్ధతికి వ్యయము 39 కోట్ల డాలర్లని చెప్పబడెను. ఆ నవంబరున నగరసభ విచారణ జరిపినది. తాళము పడిన పిమ్మట తలుపు కొట్టుట యన నిదియే.

కాలిఫోర్నియా కథ యింతకంటె బోధకరము. 2020 అక్టోబరులో ఆ రాష్ట్ర న్యాయశాఖ పోలీసు శాఖలకొక లేఖ పంపెను. పౌరుల పేర్లు, పుట్టిన తేదీలు, డ్రైవింగు లైసెన్సు నంబర్లు, పూర్వపు నేరచరిత్ర - ఇట్టివి బహిరంగ రేడియోలో పలుకుట తగదనియు, కావున రేడియోను గూఢీకరింపవలెననియు, లేదా అట్టి వివరములు బహిరంగముగా పలుకకుండ నియమము నేర్పఱచుకొనవలెననియు ఆ లేఖ చెప్పినది. రెండు దారులు చూపినది గమనింపుడు. పెక్కు శాఖలు మొదటి దారినే పట్టినవి. అధికారులకు తాళముపై గల మక్కువ దేశకాలముల కతీతము. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము చెంతనున్న పాలో ఆల్టో యను చిన్న నగరమున పోలీసువారు 2021 జనవరిలో ముందు మాట చెప్పకయే రేడియోకు తాళము వేసిరి. పౌరులు, స్థానిక పత్రికలవారు పట్టు విడువక ప్రశ్నించిరి. కొత్త పోలీసు అధిపతి వచ్చిన పిమ్మట 2022 సెప్టెంబరులో ఆ తాళము తీయబడెను. రాష్ట్రపు లేఖ మాఱలేదు, చట్టము మాఱలేదు. మాఱిన దేమనగా, పౌరుని వివరములు చెప్పవలసివచ్చినప్పుడు ఉద్యోగి ఫోనునో, కారులోని కంప్యూటరునో, ఆ యొక్క మాటకు గూఢమార్గమునో వాడవలెనని నియమ మేర్పడెను. ఆ రాష్ట్రపు రహదారి గస్తీ దళమువారును బహిరంగ రేడియోతోనే పని జరుపుకొనుచుండిరి. రెండవ దారి అసాధ్యమని చెప్పినవారికి ఈ యొక్క నగరమే ప్రత్యుత్తరము.

తాళము కోరువారి పక్షమున బలము లేదని మేము చెప్పము. గృహహింసకు గుఱియైన స్త్రీ పోలీసులకు ఫోను చేసినప్పుడు ఆమె యింటి నంబరు, ఆమె దేహముపై దెబ్బల వివరము ఊరంతయు వినుట న్యాయమా? మతి చెడిన బాలుని వ్యాధి పేరు పొరుగువారికి తెలియవలెనా? దోపిడివాడు తన జేబులో పోలీసుల మాటలు వినుచు వెనుక వాకిలిగుండ పాఱిపోవుట మంచిదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పక, ప్రజాస్వామ్య మను నొక్క మాటను పట్టుకొని వ్రేలాడు శ్రోతలు తమ పక్షమునకు మేలు చేయుటలేదు.

శ్రోతల దోషమును గూడ దాచరాదు. 2013 ఏప్రిలులో బోస్టను పరుగుపందెమున బాంబులు ప్రేలిన తరువాత నేరస్థులను వెంబడించిన రాత్రి లక్షలకొలది జనులు ఆ నగర పోలీసుల రేడియోను ఇంటర్నెట్టు ద్వారా వినుచుండిరి. పోలీసువారు తమ దళముల స్థానములను ప్రచురింపవలదని బహిరంగముగా వేడుకొనవలసివచ్చెను. ఒక యుద్యోగి యెవనిదో ఇంటిపేరు చెప్పుచు, మొదటి యక్షరము స్పష్టమగుటకై రేడియోవారి వాడుక ప్రకారము 'మైకులోని ఎమ్' అని పలికెను. విన్నవారు మైకు అను పేరుగల నేరస్థు నొకనిని సృష్టించి లోకమంతట చాటిరి. అదే రాత్రి, అంతకు ముందే యింటినుండి అదృశ్యుడై యుండిన భారతీయ కుటుంబపు యువకు డొకనిని నేరస్థుడని పేరుపెట్టి, పోలీసు రేడియోలో నిట్లు వింటిమని వ్రాసిరి. తరువాత ధ్వనిముద్రికలను పరిశీలించిన పత్రికవారికి అందు ఆ పేరే దొరకలేదు. ఆ యువకునికి ఆ నేరముతో నే సంబంధమును లేదు. బిడ్డ యేమాయెనో తెలియక కుమిలిపోవుచున్న తల్లిదండ్రులకు ఆ రాత్రి వచ్చిన దూషణలను తలచినచో మనసు కలతపడును. వినుట యొకటి, విన్నంతనే చాటుట యొకటి. విననిదానిని విన్నట్లు చాటుట మూడవది. 1934 నాటి చట్టము వినుటకంటె బయటపెట్టుటకే యెక్కువ బరువు నిచ్చుటలో వివేకము లేకపోలేదు.

అయినను ఈ దోషములకు మందు సర్వమును మూయుటయా? ట్రంకింగు పద్ధతియందే దీనికి జవాబున్నది. తాళమును యావద్భవనమునకు వేయవలసిన పని లేదు. టాక్‌గ్రూపు టాక్‌గ్రూపునకు వేయవచ్చును. రహస్య పరిశోధకుల నంబరునకు, సాయుధ దళముల నంబరునకు, పౌరుల సొంత వివరములు పలుకు నంబరునకు తాళము వేసి, 'ఫలాని వీథిలో దొంగతనము, ఫలాని కారు వెళ్ళుము' అను సాధారణ గస్తీ నంబరును తెఱచియుంచుటకు యంత్రమేమియు నడ్డురాదు. న్యాయస్థానమున మేమెఱిగిన ధర్మమును నిదియే. విచారణ బహిరంగము, అత్యాచార బాధితురాలి సాక్ష్యము మూసిన తలుపుల వెనుక. ఆ యొక్క సాక్ష్యముకొఱకు కోర్టు కట్టడమునకే తాళము వేయుమని యెవ్వరును వాదింపరు. ముప్పది నిమిషముల యాలస్యమును దోపిడివాని యుపద్రవమునకు చాలిన విఱుగుడే. కాని అది మంట కెదురుగా నున్నవానికి గాని, స్థలమునకు బోవలసిన విలేఖరికి గాని యుపయోగపడదు. అందుచేత దానిని మేము చివరి మెట్టుగా నొప్పుకొందుము గాని తొలి మెట్టుగా నొప్పుకొనము.

తాళము బలమును గూర్చియు నొక మాట. వినోదార్థము వినెడివారు గూఢీకరణమును పగులగొట్టుదురను నపోహ యొకటి గలదు. ఏ.ఇ.యస్. 256 అను నేటి తాళమును సరిగా వాడినచో దానిని పగులగొట్టినవారు లేరు. తాళము పడిన టాక్‌గ్రూపు నంబరును బంట్రోతు పిలుచుట సాధారణముగా వినబడుచునే యుండును. లోపలి మాట మాత్రము వినబడదు. అసలు లోపము చేతులలో నుండును. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పండితులు 2011లో ప్రకటించిన పరిశోధనలో, కేంద్ర ప్రభుత్వపు పోలీసు ఉద్యోగులు రహస్యమని తలంచి పలికిన మాటలలో గణనీయమైన భాగము తాళమే పడక బహిరంగముగా పోవుచున్నదని తేలినది. మీట యే వైపున నున్నదో చూచుకొనకుండుట, తాళపుచెవుల గడువు తీఱిపోవుట దీనికి కారణములు. ఊరంతటికి తలుపు మూసితిమని ధైర్యముగా నున్నవాడు గడియ వేయుట మఱచినచో, తలుపు తెఱచియున్నదని యెఱిగి మెలకువగా మాటలాడువానికంటె నెక్కువ నష్టపడును.

ఐరోపా కథ మన దేశమువారు మఱింత శ్రద్ధతో వినదగినది. అచ్చటి పోలీసు శాఖలలో విరివిగా వాడుకలో నున్నది టెట్రా యను పద్ధతి. 1990 తరువాత నేర్పడినది. దాని గూఢీకరణ సూత్రములు రెండు దశాబ్దములకు పైగా రహస్యముగా నుంచబడెను. 2023లో నెదర్లాండ్సునకు జెందిన ముగ్గురు పరిశోధకులు ఆ సూత్రములను బయటికి లాగి చూడగా, టీ.ఇ.ఏ.1 అను తాళమునకు 80 బిట్ల చెవి యని పేరే గాని, లోపల దానిని 32 బిట్లకు కుదించివేసినట్లు కనబడెను. ముప్పదిరెండు బిట్లనగా సుమారు 429 కోట్ల చెవులు. వినుటకు పెద్ద సంఖ్య, కంప్యూటరునకు స్వల్పకాలపు పని. ఐరోపా పోలీసులకు వేఱొక తాళము గలదు. ఈ సన్నని తాళము వ్యాపారులకును, ఐరోపాకు వెలుపలి కొనుగోలుదారులకును ఉద్దేశింపబడినది. తన యింటికి ఇనుప తాళము, సంతలో నమ్ముటకు తగరపు తాళము! లోపలి యమరికను చూడనీయక అమ్మెడి తాళమును కొనుట యెట్టిదో వేఱుగ చెప్ప బనిలేదు. ఈ గుట్టు బయటపడిన పిమ్మటనే ఆ సూత్రములను ప్రచురించుటకు ఐరోపా ప్రమాణసంస్థవారు నిశ్చయించిరి. దానిని బయటపెట్టినవారు చోరులు కారు. విని, విప్పి, పరిశీలించు నభిరుచిగల వారే.

ఇక మన యింటి సంగతి. అమెరికావలె వినుటను క్షమించు సంప్రదాయము మనకు రాలేదు; మనకు వచ్చినది బ్రిటను సంప్రదాయము. అచ్చట 1949 నాటి వైర్‌లెస్సు చట్టమును, దాని స్థానమున వచ్చిన 2006 నాటి చట్టమును, తనకు ఉద్దేశింపబడని ప్రసారమును అనుమతి లేక వినుటనే తప్పుగా నెంచినవి. మన దేశమున 1933 నాటి చట్టము లైసెన్సు లేక వైర్‌లెస్సు యంత్రమును కలిగియుండుటనే నేరము గావించెను. పాట వినుటకు సైతము పోస్టాఫీసులో రుసుము కట్టి రేడియో లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనిన దినములు ఈ సభలోని పెద్దలకు జ్ఞాపకముండును. 1980 దాటిన తరువాత గాని ఆ బాధ తొలగలేదు. పరప్రభుత్వము తన ప్రజల చెవిని శంకించి చేసిన శాసనమును స్వరాజ్యము వచ్చిన తరువాతను చిరకాలము మోసితిమి. 2023 నాటి టెలికమ్యూనికేషన్సు చట్టముయొక్క 42వ విభాగము 2024 జూన్ 26 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము సందేశమును అక్రమముగా పట్టినవానికి మూడు సంవత్సరముల వఱకు కారాగారము గాని, రెండు కోట్ల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కావున మా మాటలు విని సభలోని యువకులు రేపే యంత్రము కొని మన ఠాణా సంభాషణలు వినుటకు పూనుకొనవలదని గట్టిగా చెప్పుచున్నాము. రేడియోపై నిజమైన అభిరుచి గలవారు ప్రభుత్వ పరీక్షకు గూర్చుండి అమెచ్యూరు లైసెన్సు తీసికొని, ఆ పరిధిలో ఎంతయైనను నేర్చుకొనవచ్చును.

అయితే చట్ట మిట్లున్నదని మనకు కోరుటకేమియు లేదా? కలదు. రేడియో వాకిలి మనకు మూయబడియున్నను ఠాణా కాగితపు వాకిలి కొంత తెఱువబడినది. 2016 సెప్టెంబరు 7వ తేదీన సుప్రీము కోర్టు, యూత్ బార్ అసోసియేషన్ వారు తెచ్చిన వ్యాజ్యమున, ప్రథమ సమాచార నివేదికలను నమోదైన 24 గంటలలోగా పోలీసు వెబ్‌సైటులో నుంచవలెనని యాజ్ఞాపించినది. ఇంటర్నెట్టు సరిగా లేని చోట్ల గడువును 72 గంటల వఱకు పొడిగింపవచ్చుననెను. లైంగిక నేరములు, తీవ్రవాదము, తిరుగుబాటు, బాలలపై నేరములు మున్నగు సున్నితమైన వానిని మినహాయించినది. ఆ మినహాయింపు నిర్ణయమును డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తక్కువైన పోలీసు అధికారి చేయరాదని కట్టడి చేసినది. ఏదైన నివేదిక పెట్టలేదని బాధపడువాడు పై యధికారికి చెప్పుకొన్నచో, ముగ్గురు అధికారుల సంఘము మూడు దినములలో తేల్చవలెనని చెప్పినది. అమెరికా నగరములు రేడియో విషయమున ఏ సూత్రము దొరకక తడుముకొనుచున్నవో ఆ సూత్రము మన సుప్రీము కోర్టు తీర్పులో స్పష్టముగా నున్నది: సామాన్యముగా బహిరంగము, గోప్యము ప్రత్యేకము, గోప్యమని చెప్పువా డెవడో తెలియవలెను, అతనిపై నింకొకరి కడ మొఱపెట్టుకొను వీలుండవలెను.

ఇదే సూత్రమును పోలీసు రేడియోకు నన్వయింపుమని కోరుట మన శాసనసభ్యులకు కొత్త గావచ్చును గాని యసంగతము కాదు. గస్తీ సంభాషణలను బహిరంగముగా వినిపింపుమని మేము నేడే యడుగుటలేదు. మొదట ఆ సంభాషణల ధ్వనిముద్రికలను నిర్ణీత కాలము భద్రపఱచవలెను. ఠాణాలో గాని వీథిలో గాని ఒక మరణము సంభవించినప్పుడు, కాల్పులు జరిగినప్పుడు, ఆ గంటకు సంబంధించిన ముద్రికను మేజిస్ట్రేటునకు, మృతుని బంధువులకు నియమిత కాలములోగా అందజేయవలెను. కొత్త రేడియోలు కొనునప్పుడు ఏ టాక్‌గ్రూపులకు గూఢీకరణము, ఏల, అది పదిమంది పండితులు పరిశీలించిన తాళమా, పెట్టెలో మూసి యమ్మిన తాళమా యనునది శాసనసభ బల్లపై నుంచవలెను. ఈ మూడవ విషయమును సమాచార హక్కు చట్టము క్రింద అడిగినచో, భద్రత యను మాట చాటున జవాబు నిరాకరింతురని మా యనుభవము చెప్పుచున్నది. శాసనసభ్యుడు ప్రశ్నగా నడిగినచో అంత సులభముగా తప్పించుకొనజాలరు. మన నియోజకవర్గ సభ్యునికి పంపుటకై యొక మనవిని వ్రాసి తెచ్చితిమి. సమ్మతిగలవారు దానిపై సంతకములు చేయవచ్చును. 2016 నాటి తీర్పు ప్రతిని గూడ పత్రికల బల్లపై నుంచితిమి. అది పెద్దది కాదు. ఒక సాయంకాలమున చదివి ముగింపవచ్చును.